ఉప్పు సీసా మీద గీతలు

మా వంటింట్లో ఉప్పు సీసా మీద నీలిరంగు పెన్నుతో గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఎంత తోమినా పూర్తిగా పోలేదు. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు అవేంటని అడుగుతారు. ఉప్పు ఎప్పుడు అయిపోతుందో తెలియడానికని చెబుతాను. అది అబద్ధం. మా నాన్న ఉప్పు దొంగిలిస్తున్నాడని, ఆయన్ని పట్టుకోవడానికి గీసిన గీతలవి.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. బండి దగ్గర తూయించుకున్న టమాటాలను ఇంటికొచ్చాక మళ్ళీ చేత్తో పట్టుకుని బరువు చూస్తాను. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళినదాన్ని వెనక్కి వస్తాను. పాలు పలచగా ఉంటే పాలవాడితో పాటు గేదెను కూడా అనుమానిస్తానని మా ఆయన ఏడిపిస్తాడు. ఆయన రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు, పగలంతా ఇంట్లో ఉండడు. అందుకని నా అనుమానాలన్నీ ఇంట్లో ఉండే మనిషి మీదే పడతాయి. ఆ మనిషి మా నాన్న.

నాన్నది సముద్రం ఒడ్డున పల్లె. వయసులో ఉన్నప్పుడు వేటకు వెళ్ళేవాడు. మోకాళ్ళు మొండికేశాక అమ్మతో కలిసి చేపలు ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి అమ్మేవాడు. చేపను చీల్చి, ఏ చేపకు ఎంత ఉప్పు పట్టించాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అమ్మ పోయాక నరసాపురంలో మా ఇంటికి తీసుకొచ్చేశాను. ఇన్నేళ్ళయినా ఆయన అరచేతుల్లో ఆ ఉప్పు పగుళ్ళు మానలేదు. అన్నానికి కూర్చుంటే పళ్ళెం పక్కన నాలుగు ఉప్పు రాళ్ళు ఉండాలి. పెరుగన్నంలోకి కాల్చిన ఎండు చేప ముక్క ఉంటే ఇక ఆయనకు పండగే.

నిరుడు శివరాత్రి వెళ్ళాక ఒకరోజు కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. పాదాలు కాస్త ఉబ్బి ఉన్నాయి. మా ఊరి డాక్టరు గారు బీపీ చూసి పెదవి విరిచారు. బీపీకి ఒక బిళ్ళ, ఒంట్లో నీరు లాగేయడానికి ఒక బిళ్ళ రాశారు. ఉప్పు తగ్గించమన్నారు. రోజంతటికీ అన్నిట్లో కలిపి ఒక చిన్న చెంచాడు దాటకూడదని, ఎండు చేపలు, పచ్చళ్ళు, అప్పడాల జోలికి వెళ్ళొద్దని చెప్పారు. నెలకోసారి వచ్చి చూపించుకోమన్నారు.

ఆయన తగ్గించమన్నారని నాకు బాగా తెలుసు. కానీ దారిపొడుగునా నా బుర్ర వేరేగా పనిచేసింది. మా నాన్నను తగ్గించమంటే తగ్గించడు, పూర్తిగా మాన్పిస్తే గానీ సగానికి రాడు అనుకున్నాను. నేను చూడనప్పుడు ఎలాగూ తింటాడు కాబట్టి, నేను పెట్టే దాంట్లో అసలు ఉండకూడదని తీర్మానించుకున్నాను. ఆ పూట నుంచే ఆయన పప్పు వేరు, ఆయన చారు వేరు. మజ్జిగలో కూడా ఉప్పు వేయలేదు.

ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ ముందేసుకుని వెనక వైపు సన్నక్షరాలు చదవడం మొదలుపెట్టాను. తియ్యటి బిస్కెట్లలో సోడియం. బ్రెడ్డులో సోడియం. కడుపుబ్బరానికి నీళ్ళలో కలుపుకుని తాగే పొడిలో మరీ ఎక్కువ. బజ్జీల పిండిలో వేసే వంటసోడాలోనూ అదే. ఉప్పు రుచి లేనిదాంట్లో కూడా ఉప్పు దాక్కుని ఉందంటే నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కింటావిడ సైంధవ లవణం వాడుకోమని, ఉపవాసాల్లో తినేది కాబట్టి దాంతో ఏమీ కాదని చెప్పింది. ఆ పొట్లం కూడా తిప్పి చూశాను. రంగు మారిందే గానీ అదీ ఉప్పే. ఆ రోజు నుంచి ఆవిడ సలహాలను కూడా అనుమానించాను. నీళ్ళు బాగా తాగితే ఉప్పంతా కొట్టుకుపోతుందని ఫోన్లో వచ్చిన ఒక మెసేజ్‌ను మాత్రం ఎందుకో అనుమానించలేదు. లీటరు సీసాలు నింపి నాన్న మంచం పక్కన వరుసగా పెట్టాను. సాయంత్రానికి అవన్నీ ఖాళీ కావాలని షరతు పెట్టాను.

నాన్న గొడవ చేయలేదు. మొదటిరోజు పళ్ళెం పక్కన ఉప్పు లేకపోవడం చూసి, కాసేపు ఆ ఖాళీ చోటు వైపు చూసి, తినేశాడు. ఆ నెమ్మది నాకు నచ్చలేదు. అన్నేళ్ళు ఉప్పుతో బతికిన మనిషి ఇంత తొందరగా లొంగిపోయాడంటే ఎక్కడో దొరుకుతోందన్నమాట అనుకున్నాను.

నెల తిరిగాక మళ్ళీ చూపిస్తే బీపీ తగ్గింది కానీ పూర్తిగా దారికి రాలేదు. మందు పనిచేయడానికి టైం పడుతుంది, కంగారు పడొద్దని డాక్టరు గారు అన్నారు. నేను మాత్రం నాన్న మొహంలోకి చూశాను. ఆయన ఆసుపత్రి మేడ మెట్లెక్కిన ఆయాసంతో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆ ఆయాసం నాకు తప్పు చేసినవాడి కంగారులా కనబడింది.

అంతవరకూ ఉప్పు పింగాణీ జాడీలో ఉండేది. అందులో ఎంత ఉందో బయటికి తెలియదని, రాళ్ళ ఉప్పంతా గాజు సీసాలోకి మార్చి పెన్నుతో గీత గీశాను. వంట అయిపోయాక ఒక గీత, రాత్రి వంటకు ముందు ఒకసారి చూసుకోవడం. రెండు రోజులు గీత గీతలాగే ఉంది. మూడో రోజు వేలెడు కిందికి దిగింది. ఆ తర్వాత ఒకరోజు ఉండేది, ఒకరోజు దిగేది. కొన్నాళ్ళకు ఒక సంగతి పసిగట్టాను. నాకు తలనొప్పి వచ్చి మధ్యాహ్నం పడుకున్న రోజునే ఉప్పు తగ్గుతోంది. నేను లేసు అల్లుతాను. గంటల తరబడి తల వంచుకుని ఆ సూది కొక్కెం వైపు చూస్తూ కూర్చుంటే మెడ పట్టేసి, నొప్పి తలలోకి ఎక్కుతుంది. మందు రాసుకుని పడుకుంటే గంటసేపు ఒళ్ళు తెలియదు. ఆ గంట కోసమే నాన్న కాచుకుని ఉంటున్నాడని అర్థం చేసుకున్నాను.

ఒకరోజు పెరటి తలుపు చప్పుడుకు మెలకువ వచ్చింది. లేచి వెళ్ళి చూస్తే, మా ఇంటి వెనక కాలువ గట్టు మీద నాన్న నడిచి వెళ్తున్నాడు. భుజం మీద తువ్వాలు. దాని కొస ముడి గట్టిగా గుప్పిట్లో పట్టుకున్నాడు. నాన్నా అని పిలిచాను. తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. నాన్నకు చెవులు శుభ్రంగా వినబడతాయి. అయినా ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా చెట్ల చాటుకు వెళ్ళిపోయాడు. దొరికిపోయాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణంలో ఆయన ఆరోగ్యం గుర్తుకు రాలేదు. నా అనుమానం నిజమైందన్న సంతోషమే కలిగింది.

తిరిగొచ్చాక గుమ్మంలోనే ఆపి చేతులు చూపించమన్నాను. తడిగా ఉన్నాయి. తువ్వాలు లాక్కుని ముడి విప్పితే మడతల్లో రెండు ఉప్పు రాళ్ళు అంటుకుని ఉన్నాయి.

"ఏంటి నాన్నా ఇది?"

"నేను తినలేదమ్మా," అన్నాడు.

"మరి ఉప్పు ఏమైంది?"

తల దించుకుని నిలబడ్డాడు. పచ్చి మామిడికాయల్లోకి నంజుకుని, కాలువలో చేతులు కడుక్కుని వచ్చాడని తేల్చేశాను. ఆ రోజు నుంచి బయటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా చేతులు చాపించి వాసన చూడటం నాకు అలవాటైంది. ఆయనకూ అలవాటైంది. గుమ్మం దగ్గరికి రాగానే నేను అడక్కుండానే రెండు చేతులూ చాపి, అరచేతులు పైకి తిప్పి చూపించేవాడు.

నా అనుమానం అక్కడితో ఆగలేదు. రోజూ సాయంత్రం నాన్న రేవు దాకా నడిచి వెళ్ళి, మనుషుల్ని, బళ్ళని గోదావరి దాటించే పంటు అవతలి ఒడ్డుకు వెళ్ళి రావడం చూస్తూ కూర్చుంటాడు. ఆ దారిలో ఒకావిడ ఎండు చేపలు అమ్ముతుంది. నాన్నను బాబాయ్ అని పిలుస్తుంది. నేను వెళ్ళి, మా నాన్నకు చాటుగా చేపలు పెడుతున్నావా అని నిలదీశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "బాబాయ్ ముక్క ముట్టుకుంటే ఒట్టమ్మా. కాసేపు నిలబడి వాసన చూసి వెళ్ళిపోతాడు, అంతే," అంది. ఇద్దరూ ఒకటే మాట మీద ఉన్నారు, బాగానే కూడబలుక్కున్నారు అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఉప్పు సీసా బీరువాలో పెట్టి తాళం వేశాను.

రోహిణి ఎండలు వచ్చాయి. ఫ్యాను కింద కూర్చున్నా చెమట ధారలు కట్టే రోజులు. నాన్న చొక్కా పొద్దున్నే తడిసిపోయేది. నేను ఇంకో నీళ్ళ సీసా పెంచాను. నీరు లాగే బిళ్ళ ఒక్కపూట కూడా మానకుండా వేశాను. నాన్న తిండి తగ్గిపోయింది. వాంతి వచ్చేలా ఉందనేవాడు. నోరు చప్పగా ఉంది, ఏం తిన్నా మట్టి తిన్నట్టుంది అనేవాడు. ఉప్పు అడగడానికి ఇదో దారి అనుకున్నాను. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేవాడు. ఒకరోజు చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. రేవుకు వెళ్ళడం మానేశాడు. ఎందుకు వెళ్ళలేదంటే, అటు వెళ్ళే దారి ఎటో గుర్తు రాలేదన్నాడు. మా ఆయనకు అనుమానం వచ్చి ఒకసారి డాక్టరుకు చూపిద్దామన్నాడు. అన్నీ అనుమానించే నేను దీన్ని మాత్రం ఎండదెబ్బే అని కొట్టిపారేశాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం నాన్న వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"చేపలకి ఉప్పు పట్టించిందా మీ అమ్మ? మబ్బేసింది," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉప్పు కోసం ఇంతకు తెగిస్తాడా అనిపించింది. "నాటకాలు చాలు నాన్నా. ఉప్పు కోసం చచ్చిపోయిన మనిషిని మధ్యలోకి తీసుకురాకు," అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. నేనెవరో వెతుక్కుంటున్నట్టుగా చూశాడు. ఆ చూపు కూడా నాటకమే అనుకున్నాను. ఈ రోజుకీ ఆ మాట తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

తెల్లారాక స్నానాల గది ముందు పడిపోయి కనిపించాడు. దెబ్బేమీ తగల్లేదు కానీ మాట ముద్దగా వస్తోంది, కళ్ళు ఎటో చూస్తున్నాయి. చేతులు ఉండుండి అదురుతున్నాయి. కారు మాట్లాడుకుని భీమవరం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా ఆయన తల నా ఒడిలోనే ఉంది. పక్షవాతమేమోనని మా ఆయన భయపడుతున్నాడు. నేను లోపల ఇంకో లెక్క వేస్తున్నాను. చాటుగా తిన్న ఉప్పు ఇప్పుడు పని చూపించింది అనుకుంటున్నాను. ఒకవైపు ఏడుపు, ఒకవైపు కోపం.

అక్కడ చూసింది చిన్న వయసు డాక్టరమ్మ. రక్తం తీసి పరీక్షకు పంపింది. ఆవిడ ఏమీ అడగకముందే నేనే చెప్పేశాను, బీపీ ఉన్న మనిషి, దొంగతనంగా ఉప్పు తింటున్నారండి అని. కాసేపటికి కాగితం వచ్చింది. ఆవిడ దాన్ని రెండుసార్లు చూసి, నన్ను పక్కకు పిలిచింది.

"ఉప్పు తింటున్నారని ఎవరు చెప్పారండి? ఈయన రక్తంలో సోడియం నూట ముప్పై అయిదుకు పైన ఉండాలి. నూట పద్నాలుగుంది. చాటుగా ఉప్పు తినే మనిషికి ఇంత పడిపోదు."

నేను నమ్మలేదు. మిషను తప్పు చూపించిందేమో, మళ్ళీ చూడండి అన్నాను. ఆవిడ విసుక్కోకుండా ఇంకోసారి రక్తం తీయించింది. అదే వచ్చింది. అప్పుడు ఒక్కొక్కటే అడిగింది, ఏం పెడుతున్నాను, ఎంత పెడుతున్నాను, నీళ్ళెన్ని తాగిస్తున్నాను అని. నేను చెబుతుంటే ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించాల్సిందేనని, మీ ఊరి డాక్టరు గారు చెప్పింది సబబేనని అంది. కానీ బొత్తిగా లేకుండా బతకలేమంది. ఒంట్లో నీళ్ళు ఏవి ఎక్కడ ఉండాలో అక్కడ ఉంచేది సోడియమేనట. నరం కబురు మోయాలన్నా, కండ కదలాలన్నా అది కావాలట. నీరు లాగే బిళ్ళ దాన్ని బయటికి పంపుతుంటే, తిండిలో ఉప్పు లేకుండా, పైనుంచి సీసాల కొద్దీ నీళ్ళు తాగిస్తే రక్తం పలచబడిపోయి, ఆ నీళ్ళు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయట. అందుకే మనుషులు గుర్తుండరు, మాట తడబడుతుంది, దారి తెలియదు.

అయితే ఇప్పుడే ఉప్పు ఎక్కించెయ్యండి అన్నాను. అలా ఒక్కసారిగా పెంచినా మెదడుకు ముప్పేనని, కొద్దికొద్దిగానే పెంచాలని, బయటపడతారో లేదో ఇప్పుడే చెప్పలేనని అంది.

ఆ మూడు రోజులు ఆసుపత్రి వసారాలో కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. నేను తినలేదమ్మా అని నాన్న నోటితో చెప్పినప్పుడు నమ్మలేదు. ఎండు చేపలావిడ ఒట్టేసినా నమ్మలేదు. చివరికి సూదితో తీసిన రక్తం చెబితే, అదీ రెండోసారి చెబితే నమ్మాను. ఆ మనిషి రోజూ చేతులు చాపి చూపించింది నిజమే. చూసిన నా కళ్ళలోనే దోషం ఉంది. అయినా అంత ఏడుపులోనూ ఒక ముల్లు తగులుతూనే ఉంది. నాన్న తినకపోతే సీసాలో ఉప్పు ఎక్కడికి పోయింది?

నాలుగో రోజు పొద్దున నాన్న కళ్ళు తెరిచి, నన్ను చూసి, తలనొప్పి తగ్గిందా అని అడిగాడు. మాట స్పష్టంగా ఉంది. నాకు ఆనందం పట్టలేక ఆయన చేతుల్లో మొహం పెట్టి ఏడ్చాను. తేరుకున్నాక ఆగలేక అడిగేశాను, ఆ ఉప్పు ఏం చేశావు నాన్నా అని. ఆయన చెప్పనన్నట్టు తల తిప్పుకున్నాడు. నేను వదల్లేదు.

"నీకు దిష్టి తీశానమ్మా," అన్నాడు చివరికి.

అమ్మ మాకు దిష్టి తీస్తే ఉప్పూ మిరపకాయలూ కలిపి పొయ్యిలో వేసేది. నాకు తెలిసింది అదే. నాన్న వాళ్ళ పడవల దగ్గర పద్ధతి వేరట. వేటకు వెళ్ళే ముందు మగవాళ్ళే ఒకరికొకరు గుప్పెడు ఉప్పు తిప్పి నీళ్ళలో వదిలేవారట. ఉప్పు కరిగితే దిష్టి కరిగిందన్నమాట. తీసి వెళ్ళేటప్పుడు ఎవరు పిలిచినా పలకకూడదు, వెనక్కి చూడకూడదు. తీసినట్టు ఎవరికి తీశామో వాళ్ళకు చెప్పకూడదు, చెబితే పనిచేయదు. నాకు నొప్పి వచ్చి పడుకున్నప్పుడల్లా నా తల చుట్టూ మూడుసార్లు తిప్పి, తువ్వాలులో ముడేసుకుని, కాలువలో కలిపి వచ్చాడు. సీసాకు తాళం పడ్డాక అదీ లేకుండా పోయింది. చేతికి తడి ఎందుకో, తువ్వాలులో రాళ్ళు ఎందుకో, నేను అన్ని మాటలంటున్నా నోరెందుకు విప్పలేదో అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు చెప్పించేశావు. మళ్ళీ వస్తుందేమో నొప్పి," అని దిగులుపడ్డాడు.

వారానికి ఇంటికి తీసుకొచ్చాం. నీరు లాగే బిళ్ళ మార్చారు. నీళ్ళు ఎంత తాగాలో చెప్పారు. పూటకు ఎంత ఉప్పు వేయాలో డాక్టరమ్మ చెంచాతో చూపించింది. అటు ఎక్కువా కాకూడదు, ఇటు లేకుండానూ పోకూడదు అని నా చేత రెండుసార్లు అనిపించింది. నా మీద ఆవిడకు అనుమానం ఉన్నట్టుంది. ఉండడంలో తప్పు లేదు.

ఆ మధ్యాహ్నం నాన్నకు మెత్తగా అన్నం వండి, పలచగా పప్పు చేశాను. పప్పులో ఉప్పు వేయలేదు. పళ్ళెం పక్కన ఉప్పు రాళ్ళు ఉండటం ఆయనకు ఇష్టమని, ఆ పూట వంతు అలాగే ఇద్దామనుకున్నాను. బీరువా తీసి సీసా పట్టుకుని వచ్చాను. నాన్న పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. నా చేతిలో సీసా చూడగానే ఆయన రెండు చేతులూ చాపి, అరచేతులు పైకి తిప్పి చూపించాడు.

"ఏం లేదమ్మా, చూడు," అన్నాడు.

మా ఇళ్ళలో ఉప్పు చేతికి చేతికి ఇచ్చుకోరు. ఇస్తే ఇద్దరి మధ్య గొడవలొస్తాయంటారు. కింద పెడితే అవతలివాళ్ళు తీసుకోవాలి. ఆయన పక్కన కూర్చుని, సీసా మూత తీసి, ఆ పగుళ్ళ అరచేతిలో ఆ పూట ఉప్పు పెట్టాను.

"చేతికివ్వకూడదే, గొడవలొస్తాయి," అన్నాడు.

"రానీ నాన్నా."

అరచేతిలో ఉప్పును వేలితో కాసేపు కదిపాడు. జీవితమంతా ఉప్పుతో పనిచేసిన మనిషి కదా, డాక్టరమ్మ చెంచా కంటే నేను కాస్త ఎక్కువ పెట్టానని ఆ చేతికి తెలిసిపోయింది. పైన నాలుగు రాళ్ళు ఏరి, జాగ్రత్తగా మళ్ళీ సీసాలో వేసి, మూత పెట్టి నా వైపు జరిపాడు.

"గీత చూసుకో," అన్నాడు.

ఆ మాట ఆయన నవ్వులాటకు అన్నాడో, మామూలుగా అన్నాడో, మనసులో పెట్టుకుని అన్నాడో నాకు తెలియలేదు. నాన్న ఇప్పుడు శుభ్రంగా ఉన్నాడు, రేవుకు వెళ్ళొస్తున్నాడు. నేను మాత్రం ఆయన మొహంలోకి చూసినప్పుడల్లా ఆ సంగతే వెతుకుతున్నాను. అడిగితే చెబుతాడు. చెబితే ఈసారైనా నమ్ముతానో లేదోనని అడగడం లేదు.